సాకీ వదిలేసిన పాటలు: ఒక జాజ్ ఆల్బమ్ డైరీ

రోజు 1

కాగితం మీద ఇరవై మూడు పాటలుండేవి. పొద్దుటినుంచి కొట్టేసుకుంటూ వచ్చి ఎనిమిది మిగిల్చాను: ద మ్యాన్ ఐ లవ్, స్టార్‌డస్ట్, వాట్ ఈజ్ దిస్ థింగ్ కాల్డ్ లవ్, బాడీ అండ్ సోల్, నైట్ అండ్ డే, మై ఫన్నీ వాలంటైన్, ఆల్ ద థింగ్స్ యు ఆర్, ఆటమ్ లీవ్స్. జాజ్ పాడేవాళ్లు ఈ వరస చూస్తే ‘మళ్లీ ఇవేనా’ అని పెదవి విరుస్తారు. అరిగిపోయిన పాటలే, కాదనను. కావాలనే తీసుకున్నాను. పాతది ఎలా ఉంటుందో వినేవాళ్ల చెవిలో ఉంటేనే కదా, నేనేం మార్చానో తెలిసేది.

జాజ్ అలవాటు లేనివాళ్లకి ఒక మాట. ఇలాంటి పాటల్ని స్టాండర్డ్‌లంటారు. స్టాండర్డ్ అంటే చాలామటుకు 1920ల నుంచి 1950ల దాకా బ్రాడ్‌వే నాటకాలకీ హాలీవుడ్ సినిమాలకీ రాసిన పాట. నాటకాలు పోయాయి, పాటలు నిలిచాయి. ఆల్ ద థింగ్స్ యు ఆర్ పుట్టింది ‘వెరీ వార్మ్ ఫర్ మే’ అనే నాటకంలో. 1939లో మొదలై 59 ఆటలాడి మూతపడింది. ఆ నాటకం ఇప్పుడెవరికీ పట్టదు. పాట మాత్రం జాజ్ నేర్చుకునే ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు కుస్తీ పట్టి తీరాల్సిందే.

పాట పేరు పక్కన ‘ఏం మార్చాలి’ అని ఒక గడి గీసుకున్నాను. నైట్ అండ్ డే పక్కన: ఏడు దెబ్బల తాళం. బాడీ అండ్ సోల్ పక్కన: బోసా నోవా (బ్రెజిల్ లయ). ఫన్నీ వాలంటైన్ పక్కన: ఇంకా నెమ్మదిగా, ఇంకా ఏడుపుగా. సాయంత్రానికి గడులన్నీ నిండాయి. ఆల్బమ్ సగం అయిపోయినట్టే అనిపించి హాయిగా పడుకున్నాను.

రోజు 6

మొదటి రిహార్సల్. నాతో ముగ్గురు: పియానో దగ్గర మాస్టారు (నాకు పాఠం చెప్పింది ఆయనే), బేస్ మీద నాకంటే పదేళ్లు చిన్నమ్మాయి, డ్రమ్స్ మీద మాట తక్కువ మనిషి ఒకాయన. నైట్ అండ్ డే ఏడులో ఎత్తుకున్నాం, 3+4గా, మన మిశ్ర చాపు నడకే. రెండో రౌండుకల్లా గది ఊగిపోయింది. "అక్కా, ఇదే మొదటి పాట పెట్టు" అంది బేస్ అమ్మాయి. ఫోన్‌లో రికార్డు చేసుకున్నాం. మాస్టారు ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే మంచిది కాదని నాకు తెలిసుండాల్సింది.

రోజు 7

పొద్దున్నే ఆ రికార్డింగు విన్నాను. బ్యాండ్ బ్రహ్మాండంగా ఉంది. నేను బాగాలేను. శ్రుతి తప్పలేదు, లయ తప్పలేదు, అయినా ఎవరో వ్యాకరణం రాని మనిషి చదువుతున్నట్టుంది. నాలుగోసారి వింటే దొరికింది. పాట పేరులో మూడు మాటలున్నాయి. బరువు ‘నైట్’ మీదా ‘డే’ మీదా పడాలి. మధ్యలో ‘అండ్’ వచ్చీ రానట్టు జారిపోవాలి. మా 3+4లో ‘నైట్’ మొదటి మూడు దెబ్బలూ తీసుకుంటుంది. ‘అండ్’ సరిగ్గా నాలుగో దెబ్బ మీద, అంటే రెండో ముక్క మొదలయ్యే చోట, డ్రమ్ గట్టిగా మోగే చోట వచ్చి కూర్చుంటోంది. పాట మొత్తంలో పనికిమాలిన మాటకి పట్టాభిషేకం చేస్తున్నాం.

4+3గా తిప్పి చూశాను. మొదటి లైను కుదిరింది. తర్వాత వచ్చే త్రిశ్రపు నడక, రెండు దెబ్బల్లో మూడు స్వరాలు సాగదీసుకుంటూ వెళ్లే ఆ బద్ధకం, అదంతా నలిగిపోయింది. పాటలో తాపం ఉన్నదే అక్కడ.

పక్కన పెట్టాను. మనసొప్పక కొట్టెయ్యలేదు.

రోజు 12

ఈ రోజు సంగతి వివరంగా రాసుకోవాలి.

మాస్టారు సంచిలోంచి అచ్చు నొటేషన్లు తీశారు. ఈ పాటలు మొదట అమ్మినప్పుడు ఎలా అచ్చయ్యాయో ఆ ప్రతులకి నకళ్లు. నేను ఇన్నేళ్లూ పాడింది లీడ్ షీట్లు చూసి. ఒక పేజీలో రాగం, పైన తీగల పేర్లు (కార్డ్‌లు, అంటే కలిపి మోగించే స్వరాల గుత్తులు), అంతే. మా తరం అంతా ‘రియల్ బుక్’ చూసి పెరిగినవాళ్లమే. 1970ల్లో బాస్టన్‌లోని బర్క్‌లీ కాలేజీ విద్యార్థులు అనుమతుల్లేకుండా చేతిరాతతో తయారుచేసిన పుస్తకం అది. అనుమతులతో అచ్చయింది 2004లో. మొదటి ప్రతుల్లో తప్పులకి కొదవలేదు. ఆ తప్పులే వేదం అయిపోయిన పాటలు కూడా ఉన్నాయి.

"అమ్మాయ్, ద మ్యాన్ ఐ లవ్ అందుకో. ఏమీ కలపకు, ఉన్నది ఉన్నట్టు పాడు" అన్నారు మాస్టారు.

పాడాను. ఆయన అచ్చు కాగితం చూస్తూ కుడి చేత్తో రాగం ఒక్కటే నాతోపాటు వాయించారు. మూడో లైనుకల్లా ఇద్దరం చెరో దారీ పట్టాం.

"ఉన్నది ఉన్నట్టు అన్నాను కదా."

"ఉన్నట్టే పాడాను మాస్టారూ."

"నువ్వు పాడింది రాగం కట్టిన జార్జ్ గెర్ష్విన్‌ది కాదమ్మా. బిల్లీ హాలిడేది."

నిజం. గాయని బిల్లీ హాలిడే ఆ పాట రికార్డు చేసింది 1939లో, లెస్టర్ యంగ్ శాక్సఫోన్‌తో. ఆవిడ గొంతు పరిధి చిన్నది. పై స్థాయికి ఎగబాకే చోట్లని కిందికి దించుకుని, కొన్ని స్వరాలని ఒకేదాని మీద నిలబెట్టి, పాటని తన కొలతకి మళ్లీ కుట్టుకుంది. దాన్నే నేను అసలు పాట అనుకుని ఇరవై ఏళ్లుగా పాడుతున్నాను. ఇప్పుడు దాని మీద ‘నా మార్పులు’ చేస్తున్నాను. జిరాక్సుకి జిరాక్సు తీసి, మూలలో నా సంతకం పెట్టుకోవడం.

ఇంటికొచ్చి, మొదటిరోజు గీసిన గడులన్నీ కొట్టేశాను.

రోజు 13 నుంచి 19

వారమంతా పాడలేదు, చదివాను. ఎనిమిది పాటల అచ్చు ప్రతులు ముందేసుకుని అక్షరం అక్షరం.

ప్రతి పాటకీ ముందు నేనెప్పుడూ పాడని భాగం ఒకటుంది. జాజ్ వాళ్లు దాన్ని ‘వర్స్’ అంటారు. మన లలిత గీతాల్లో పల్లవికి ముందు తాళం లేకుండా పాడే రెండు మూడు లైన్లని సాకీ అంటాం చూడండి, అచ్చంగా అదే పని. నాటకంలో పాత్ర అప్పటిదాకా మాట్లాడుతూ ఉంటుంది. ఉన్నట్టుండి పాట ఎత్తుకుంటే ఎబ్బెట్టుగా ఉంటుంది కనక, మాటకీ పాటకీ మధ్య మెట్టులాగా ఈ ముక్క రాసేవాళ్లు. జాజ్ బ్యాండ్లు పాటల్ని నాటకాల్లోంచి ఎత్తుకొచ్చాక, మీద సోలోలు వాయించుకోడానికి పాట ఉంటే చాలు, సాకీతో పనిలేదు. లీడ్ షీట్లలోంచి అదే రాలిపోయింది.

ఫన్నీ వాలంటైన్ సాకీ చదివి నవ్వొచ్చింది. గ్రాంథికంలో ఉంది! పాత కాలపు ఇంగ్లీషులో, కావాలని ఎకసెక్కంగా, ఒకమ్మాయి ఒకబ్బాయిని ఆటపట్టిస్తుంది. 1937 నాటి ‘బేబ్స్ ఇన్ ఆర్మ్స్’ నాటకంలో ఆ అబ్బాయి పేరే వాలంటైన్. అంటే ఇది ఫిబ్రవరి 14 పాట కాదు, ముద్దుపేరు ‘వాల్’ ఉన్న ఒక కుర్రాడి పాట. అందరితోపాటు నేనూ దీన్ని చావు మేళంలా పాడుతూ వచ్చాను. సాకీతో కలిపి పాడితే ఏడుపు రమ్మన్నా రాదు. వేగం పెంచాం. అరేంజ్‌మెంట్ మీద ఇంకేం కష్టపడలేదు.

వాట్ ఈజ్ దిస్ థింగ్ కూడా ఒక్క పూటలో తేలిపోయింది. మైనర్‌లో మొదలైన లైను మేజర్‌లో తేలుతుంది, మళ్లీ మైనర్. పాట కట్టిన కోల్ పోర్టర్ ఆ ఎండా నీడా ముందే పెట్టేశాడు, మేం చెయ్యాల్సింది అడ్డు రాకుండా ఉండటమే.

స్టార్‌డస్ట్ సాకీ దగ్గర మాత్రం ఆగిపోయాను. పాటంత బాగుంది. కొన్నిచోట్ల పాటకంటే బాగుంది. "సాకీ ఒక్కటే పాడి వదిలేస్తే?" అన్నాను. మాస్టారు నవ్వారు. 1961లో గాయకుడు సినాట్రా ఆ పనే చేశాడట, సాకీ ఒక్కటే రికార్డు చేశాడు. కొత్త ఆలోచన అనుకున్నదానికి అరవై ఏళ్లు పైబడ్డాయి. దీని సంగతి తర్వాత చూద్దామనుకున్నాం.

రోజు 24

పాట పని ఏమీ జరగలేదు, అంతా కాయితాల పని.

అమెరికాలో 2026 జనవరి 1తో, 1930 చివరిదాకా అచ్చయిన పాటల హక్కులు తీరిపోయాయి. 95 ఏళ్ల లెక్క. దాంతో ద మ్యాన్ ఐ లవ్ (1924), స్టార్‌డస్ట్ (రాగం 1927, మాటలు 1929), వాట్ ఈజ్ దిస్ థింగ్ (1929), బాడీ అండ్ సోల్ (1930), నాలుగూ అక్కడ అందరి సొత్తు. మిగతా నాలుగింటికీ లైసెన్సు కావాలి. కానీ ఇదంతా అమెరికా వరకే. రచయిత పోయిన దగ్గర్నుంచి లెక్కపెట్టే దేశాల్లో వేరే కథ. ద మ్యాన్ ఐ లవ్‌కి మాటలు రాసిన ఇరా గెర్ష్విన్ 1983 దాకా బతికారు కనక అక్కడ ఆ పాట ఇంకా బందీయే. ఒకే పాట ఒడ్డు దాటితే ఖైదు.

లైసెన్సు ఉన్నా చెయ్యకూడనివి ఉన్నాయి. ఒకసారి రికార్డయి బయటికొచ్చిన పాటని మళ్లీ పాడుకోడానికి అమెరికా చట్టం తప్పనిసరి లైసెన్సు ఇస్తుంది, మన బాణీకి తగ్గట్టు అరేంజ్ చేసుకోవచ్చు. అసలు రాగాన్ని, పాట స్వభావాన్ని మార్చకూడదు. మాటలు మారిస్తే విడిగా అనుమతి తీసుకోవాలి. నాకు తగిలిన దెబ్బ ఇక్కడే. ఆటమ్ లీవ్స్ పుట్టుక ఫ్రెంచిలో: రాగం జోసెఫ్ కోస్మా, మాటలు ప్రెవేర్. సాకీ ఫ్రెంచిలో, పాట ఇంగ్లీషులో, చివరి ఎనిమిది బార్లు (తాళం ఆవర్తాలు) నేను రాసుకున్న తెలుగులో పాడాలని ముచ్చటపడ్డాను. హక్కులున్నవాళ్లకి మూడు ఉత్తరాలు రాశాను. కాదనలేదు, అవుననలేదు, అసలు జవాబే లేదు. తెలుగు ముక్క తీసేశాను. మంచి ముక్క అది. ఉడుకుమోత్తనం రెండురోజులు ఉండింది.

రోజు 31

ఆల్ ద థింగ్స్ యు ఆర్. ఒక్క స్వరం గురించి రాస్తాను.

ఈ పాట 36 బార్లలో ఐదు కీలు (ఆధార శ్రుతులు) తిరిగొస్తుంది, అయినా వినేవాళ్లకి తిరిగినట్టు తెలియదు. అచ్చులో ఏ-ఫ్లాట్‌లో ఉంది. నా గొంతుకి ఎఫ్‌కి దించుకున్నాం. బ్రిడ్జ్ (పాట మధ్యలో దారి మారే భాగం) చివర ఒక పొడుగు స్వరం వస్తుంది. మా కీలో అది ఎఫ్. అది పట్టుకున్నప్పుడు కింద డి-ఫ్లాట్ మేజర్ మోగుతుంటుంది. డి-ఫ్లాట్‌ని షడ్జమం అనుకుంటే నేను పాడేది అంతర గాంధారం. తీయగా, నిండుగా ఉంటుంది. రెండు బార్లు దాటేసరికి కింద డి మైనర్ వచ్చేస్తుంది. నేను కదల్లేదు, అదే ఎఫ్. కానీ ఇప్పుడు డి షడ్జమం, నా స్వరం సాధారణ గాంధారం. మధ్య బార్‌లో ఏ-సెవెన్ మీద అది ఎటూ కాని ముల్లులా గుచ్చుతుంది. గొంతు ఉన్నచోటే ఉంది, కింద నేల జరిగింది. అచ్చు ప్రతిలో ఇంకా గమ్మత్తు: ఆ స్వరానికి బ్రిడ్జ్‌లో జి-షార్ప్ అని పేరు, పాట తిరిగొచ్చాక ఏ-ఫ్లాట్ అని పేరు. మీట మాత్రం ఒకటే.

మాస్టారు అక్కడ నాలుగు కొత్త తీగలు సిద్ధం చేసుకొచ్చారు. వద్దన్నాను. ఆయనకి నేను వద్దని చెప్పడం ఇదే మొదటిసారి. "అయితే ఏం చేద్దామంటావ్?" అన్నారు. "మీరు చేతులు తీసెయ్యండి మాస్టారూ" అన్నాను. డ్రమ్స్ కూడా ఆపమన్నాం. నా ఎఫ్ ఒక్కటే ఉండాలి. కింద బేస్ అమ్మాయి మూడు అడుగులు వెయ్యాలి: డి-ఫ్లాట్, ఏ, డి. అంతే.

చెప్పినంత తేలిక కాదు. నిమిషానికి 60 దెబ్బల వేగంలో మూడు బార్లంటే 12 సెకన్లు, ఆసరా లేకుండా, కదలకుండా. పదో సెకనుకి ఊపిరి సన్నబడి స్వరం వెంట్రుకవాసి దిగుతోంది. సరిగ్గా అప్పుడే బేస్ ‘డి’ పడుతుంది, తప్పు నగ్నంగా బయటపడుతుంది. ముందు లైను చివరి మాటని సగానికి కోసి అక్కడ ఊపిరి దొంగిలిస్తే తప్ప కుదరలేదు. సాయంత్రమంతా ఆ మూడు బార్లే.

రోజు 40

నైట్ అండ్ డే మళ్లీ తెరిచాం. ఏడు లేదు, ఏమీ లేదు. వదిలేసిన సాకీని బయటికి తీశాం. ఫ్రెడ్ ఆస్టైర్ 1932లో స్టేజీ మీద ఈ పాట మొదటిసారి పాడినప్పటినుంచీ అందులోనే ఉంది, మేం చూడలేదు. ఒకే స్వరం! డోలు చప్పుడు, గడియారం ముల్లు, చూరు నీళ్ల చినుకులు, వీటి గురించి చెబుతూ రాగం ఒకే స్వరాన్ని కొడుతూ కూర్చుంటుంది, కింద తీగలు మాత్రం మారుతుంటాయి. నాకు తాళం కావాలనుకున్నాను కదా, పోర్టర్ తాళాన్నే రాగం చేసి పెట్టాడు.

కాబట్టి తీగలు కూడా తీసేశాం. డ్రమ్మర్ పుల్లలు పక్కన పెట్టి స్నేర్ మీద వేళ్లతో మొదలెట్టారు. దాని మీద నా ఒక్క స్వరం. పియానో వచ్చేది సాకీ అయిపోయాకే. మొదటిసారి అలా వచ్చినప్పుడు వేసవిలో తలుపు తీసినట్టయింది. మాట తక్కువ మనిషి "బాగుంది" అన్నారు. ఆయన నోట ఆ మాట ఈ ప్రాజెక్టులో ఇదే మొదలు.

తాళానికి వెనకపడి పాడటం గురించి బేస్ అమ్మాయి అడిగింది. "అక్కా, ఇది మన అనాగతం లాంటిదేనా?" కాదు. అనాగతంలో ఎత్తుగడ తాళం తర్వాతే, కానీ ఎంత తర్వాతో లెక్క ఖాయం, ప్రతిసారీ అక్కడే ఎత్తుకోవాలి. ఇక్కడ లెక్క లేదు. మాట్లాడే మనిషి ఒక మాట చెప్పబోయి తటపటాయించినంత. రాసి పెట్టుకుంటే చచ్చిపోతుంది.

రోజు 52, 53

స్టూడియో. మూడురోజులకి తీసుకున్నాం, రెండురోజుల్లో అయింది, ఎందుకంటే దిద్దుకునే వీల్లేకుండా పెట్టుకున్నాం. నలుగురం ఒకే గదిలో, క్లిక్ ట్రాక్ (చెవిలో తాళం కొట్టే శబ్దం) లేదు. నా మైకులో డ్రమ్స్ వినిపిస్తాయి, డ్రమ్స్ మైకుల్లో నేను వినిపిస్తాను. ఒక్క లైను తప్పు పాడితే ఆ లైను ఒక్కటే మళ్లీ పాడి అతికించడం కుదరదు. మొత్తం టేక్ పోయినట్టే. పాటకి మూడు టేక్‌లు, అంతకుమించి వద్దని ఒప్పందం.

మొదటిరోజు పొద్దున్నే గొడవ. నైట్ అండ్ డే సాకీలో నిశ్శబ్దం ఎక్కువ కదా, ఏసీ గుయ్‌మనడం రికార్డులో పడుతోంది. ఆపేశాం. అరగంటకి గది వేడెక్కి పియానో శ్రుతి రవ్వంత దిగింది. చెవికి తెలియదు. కానీ మొదటి టేక్ ముందుసగం, మూడో టేక్ వెనకసగం కలుపుదామని చూస్తే అతుకు దగ్గర తెలిసిపోయింది. శ్రుతి చేసే ఆయన్ని మళ్లీ పిలిపించాం. చివరికి మొదటి టేకే ఉంచాం. అందులో ఒకచోట నా ఊపిరి గట్టిగా వినపడుతుంది.

బాడీ అండ్ సోల్ రెండో టేక్. బ్రిడ్జ్‌లో పాట మొత్తం అరమెట్టు పైకి, డి-ఫ్లాట్‌లోంచి డి-కి జరుగుతుంది. గాయకులకి ఇది గండం. చెవి పాత ఇంట్లోనే ఉంటుంది, కాళ్లు కొత్త ఇంట్లో పెట్టాలి. 1939లో కోల్‌మన్ హాకిన్స్ శాక్సఫోన్ మీద అసలు రాగాన్ని ముట్టుకున్నట్టే ముట్టుకుని వదిలేసి రెండు రౌండ్లు తన సొంతంగా వాయించుకుపోయాడు. ఆ రికార్డు తర్వాత ఈ పాటని తిన్నగా పాడటమే సాహసం అయిపోయింది. తిన్నగానే పాడాను. స్కాట్ (మాటల్లేకుండా గొంతుతో చేసే ఆలాపన) లేదు, సంగతులు లేవు. బోసా నోవా ఎప్పుడో పోయింది.

12 సెకన్ల ఎఫ్ మూడో టేక్‌లో నిలబడింది. మొదటి రెండింటిలో నిలబడలేదు.

రోజు 66

మిక్సింగ్. ఇంజనీరుతో ఒకే వాదన, నా గొంతు ఎంత ముందుండాలి అని. ఆయన ముందుకు తెస్తాడు, నేను వెనక్కి నెడతాను. గాయని ఆల్బమే అయినా నాకు నలుగురి మాటలు వినపడాలి. మాస్టరింగ్‌లో గట్టితనం పెంచలేదు. స్ట్రీమింగ్ సైట్లు ఎలాగూ అన్నిటినీ ఒక మట్టానికి తెస్తాయి, ఆ కొట్లాటలో నిశ్శబ్దం నలిగిపోవడం నాకిష్టం లేదు.

రోజు 70

పాటల వరస పెట్టాం. మొదట నైట్ అండ్ డే, చివర స్టార్‌డస్ట్.

స్టార్‌డస్ట్ సంగతి చెప్పలేదు కదా. రెండోరోజు ఆఖరి గంటలో పాడాం. సినాట్రా సాకీ ఒక్కటే పాడాడు, మిగతావాళ్లలో చాలామంది పాట ఒక్కటే పాడారు. మేం వరస తిరగేశాం: పాట ముందు, సాకీ ఆఖర్న. ఆ సాకీ రాసిందే పాటలోకి దారి చూపించడానికి. చివరి మాట దగ్గర అన్నీ ముందుకి వంగి ఉంటాయి, అవతల పాట మొదలవ్వాలి. అది ఇప్పటికే అయిపోయింది. మాస్టారు ఆ తీగ పట్టుకుని వదల్లేదు. పియానో తంతులు వాటంతట అవే చల్లారేదాకా పెడల్ ఎత్తలేదు.

ఆ నిశ్శబ్దంలో బేస్ అమ్మాయి చిన్నగా, "అక్కా, ఇంకా ఉందా?" అంది. మైకులో పడింది. ఇంజనీరు తీసేస్తానన్నాడు. ఉంచమన్నాను.